మా వంటింట్లో పెట్టిన శోకం

మా ఆడపడుచు సాహిత్యకి ఒకటే దురలవాటు. ముసలివాళ్లు కనిపిస్తే పాడమంటుంది. బస్‌స్టాపులో అడిగింది, సూపర్‌మార్కెట్లో బంగాళాదుంపలు ఏరుతున్న ఆవిడని అడిగింది, ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర కూడా అడిగింది. అప్పటికే నోటికి మత్తు ఇంజెక్షను చేసి ఉండటం వల్ల ఆ పెద్దాయన బతికిపోయాడు. డేటా అనలిటిక్స్ చదువుతానని డబ్లిన్ వచ్చిన పిల్ల, ఏడాది తిరక్కుండా అది వదిలేసి జానపద విజ్ఞానం ఎమ్.ఏ.లో చేరింది. పోనీ ఇక్కడి పాటలేమైనా సేకరిస్తుందా అంటే, అదీ కాదు. ఐర్లండులో కూర్చుని బల్గేరియా పాటలు సేకరిస్తానంది.

"ఐరిష్ పాటలు రాసుకోవడానికి ఐరిష్ వాళ్లున్నారు వదినా. వీళ్లకెవరున్నారు?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కారు మాత్రం ఉంది. అంచేత ఆ ఏడాది పరిశోధనకి డ్రైవర్ని నేనే అయ్యాను.

అది రెండువేల పదిహేడు. డబ్లిన్ రేవు ఒడ్డున డాక్‌ల్యాండ్స్‌లో చూస్తూండగానే అద్దాల భవనాలు లేస్తున్నాయి. మావారు హేమచంద్ పొద్దున్నే రైలెక్కి అక్కడికి పోయేవారు. వాళ్ల ఆఫీసులో మనుషులు ఏడాదిలో రెట్టింపయ్యారనీ, కుర్చీలు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయనీ చెప్పేవారు. మేము ఉండేది డబ్లిన్‌కి అవతల, కిల్డేర్ జిల్లా నేస్‌లో, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ల వరసలో. మా హాసినికి అప్పుడు ఏడేళ్లు. తెలుగులో తిడితే అచ్చంగా కిల్డేర్ యాసలో ఇంగ్లీషులో సమాధానం చెప్పేది.

ఆదివారం మధ్యాహ్నాలు బల్గేరియా వాళ్లు చర్చి వెనక హాలు అద్దెకు తీసుకుని హోరో ఆడేవారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వరసగా, హాలంతా పాములా చుట్టుకుంటూ తిరిగే ఆట. ముందున్నవాళ్లు చేతిరుమాలు ఊపుతారు. మొదటిరోజు నేను గోడవార కుర్చీలో కూర్చుని, హాసినికి కోటు బొత్తాలు పెడుతూ, నా వేళ్లు మోకాలి మీద వాటంతట అవే తాళం వేస్తుండటం చూశాను. తెనాలిలో రెండేళ్లు నేర్చి మానేసిన సంగీతం ఎక్కడో మిగిలి ఉంది. ఏడు. మన మిశ్రచాపు తాళం లెక్క. మనం మూడుతో మొదలుపెడతాం, వాళ్లు మూడుతో ముగిస్తారు. ఏడు మాత్రం ఏడే.

అక్కడే పరిచయమైంది బాబా స్తోయాంక. బాబా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వల్ల, 'ఇవాళ బాబా మనింటికి వస్తున్నారు' అని నేనన్నప్పుడు మావారు గబగబా చొక్కా తొడుక్కుని అగరొత్తుల కోసం వెతికారు. ఆవిడ ఎనభై ఏళ్ల పొట్టి మనిషి, నల్ల తలగుడ్డ. కూతురు రోసిత్సా బిడ్డని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. రోసిత్సా తెల్లవారుజామున డాక్‌ల్యాండ్స్ ఆఫీసుల్లో శుభ్రం చేసే పనికి వెళ్లి, పదకొండింటికి తిరిగొచ్చి, తల్లి మాటల్ని మాకు ఇంగ్లీషులో చెప్పేది.

బాబా కోతపాటలు పాడింది, పెళ్లిపాటలు పాడింది, వాన కోసం పాడేవి పాడింది. రోసిత్సా తంబూరా శ్రుతిలా ఒక స్వరం పట్టుకుని నిలబడితే, ముసలామె గొంతు దాన్ని ఒరుసుకుంటూ పోయేది. ఏప్రిల్ నాటికి సాహిత్య రికార్డరులో నలభై ఒక్క పాటలున్నాయి. కానీ ఆ పిల్లకి కావలసింది నలభై రెండోది. మనిషి పోయినప్పుడు పెట్టే శోకం.

బాబా కుదరదంది. శోకం పాట కాదనీ, పిలుపనీ అంది. పిలిస్తే ఎవరో ఒకరు లేచి వెళ్లాలిట. కూతురింట్లో పాకుతున్న పిల్లాడున్నాడు, ఆ కప్పు కింద నోరు విప్పనంది. సాహిత్య మొహం వాడిపోయింది. అప్పుడు, అడగని సలహా చెప్పడంలో నాకున్న నేర్పుతో, "అయితే మా ఇంట్లో పాడమనండి" అన్నాను. మాకలాంటి పట్టింపులు లేవని కూడా కలిపాను. నేను బీయస్సీ జువాలజీ. గుండె కొట్టుకుంటున్న కప్పని కోసి చూసిన చేతులివి.

ఏప్రిల్ చివర ఒక మంగళవారం, హాసిని బడిలో, మావారు ఆఫీసులో ఉండగా, నలుగురం మా వంటింట్లో చేరాం. పొయ్యి మీద పాలు పెట్టాను. బాబా కుర్చీ వద్దని నేల మీద డిష్‌వాషర్‌కి వీపు ఆనించి కూర్చుంది. శోకానికి ఒక పేరు కావాలంది. ఎప్పుడో పోయినవాళ్ల పేరు, మీ ఇంటిదే, చెప్పమంది.

"మా తాతయ్య. రామలింగేశ్వరరావు. పోయి ముప్ఫై ఎనిమిదేళ్లయింది" అంది సాహిత్య.

బాబా ఆ పేరుని నోట్లో రెండుసార్లు తిప్పుకుంది. తర్వాత ఏదో అడిగింది. రోసిత్సా చెప్పింది: "అమ్మ అడుగుతోంది, ఈ పేరు బతికున్నవాళ్లకెవరికైనా ఉందా అని. మాలో మనవళ్లకి తాతల పేర్లు పెడతాం. అందుకని."

"లేదు" అంది సాహిత్య, వెంటనే.

నేనప్పుడు ప్రెస్‌లో యాలకుల డబ్బా వెతుకుతున్నాను. ఇక్కడ వంటింటి అలమరాని ప్రెస్ అంటారు. డబ్బా నా చేతిలోనే ఉంది.

మావారి పాస్‌పోర్టు మీద పేరు రామలింగేశ్వర హేమచంద్. తాతగారు పోయిన మరుసటేడు పుట్టారు. తాత పేరు పెట్టారు. మామగారి పేరుతో కొడుకుని 'ఒరేయ్' అనడానికీ, వీపు మీద రెండు వేయడానికీ మా అత్తగారికి నోరూ చెయ్యీ రాక, రెండో పేరొకటి తగిలించారు. ఇక ఆ ఇంట్లో మొదటి పేరు పలికిన వాళ్లు లేరు. సాహిత్యకి పుట్టినప్పటి నుంచీ ఆయన హేమన్నయ్యే. దానికి తోచకపోవడంలో వింత లేదు. కానీ వీసా కాగితాలూ, బ్యాంకు కాగితాలూ, ఇంటి లీజూ నింపేది నేను. నాకు తెలుసు.

నోరు తెరవడానికి రెండు క్షణాలు చాలు. తెరిస్తే, మాకు పట్టింపులు లేవని గొప్పగా చెప్పిన మనిషిని నేనే. డబ్బా మూత బిగుసుకుందన్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

బాబా తలగుడ్డ ముడి విప్పింది. మొదట మామూలుగా మాట్లాడుతున్నట్టే ఉంది, ఎవరినో మందలిస్తున్నట్టు. తర్వాత మాట కొసన గొంతు పైకి లేచి, మెట్టు మెట్టూ దిగింది. "రామ్... లిన్గే..." మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. బల్గేరియన్‌లో నాకు రొట్టె, నీళ్లు, నమస్కారం తప్ప రావు. అయినా ప్రతి మాటా తెలిసింది. తెనాలిలో మా ఎదురింటి పుష్పవతి మొగుడు పోయినప్పుడు, గుమ్మంలో కూలబడి అచ్చం ఇలాగే అడిగింది, వండింది తినకుండా ఎక్కడికి పోతున్నావని. రోసిత్సా కిటికీ వైపు తిరిగి నిలబడింది. రికార్డరు మీద ఎర్రదీపం కదలకుండా వెలుగుతోంది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఎవ్వరం పొయ్యి కట్టలేదు. గృహప్రవేశానికి పాలు పొంగితే శుభం అంటారు. దీనికి పొంగితే ఏమంటారో నాకు తెలియదు.

అయిపోయాక బాబా కొంగులాంటి ఆ గుడ్డతో మొహం తుడుచుకుని, టీ అడిగి, నాలుగు జంతికలు తింది.

రెండు వారాలు ఏమీ కాలేదు. మే నెల మధ్యలో ఒక సాయంత్రం, మేం అన్నాలు తింటుంటే, సాహిత్య లాప్‌టాప్‌కి ఇయర్‌ఫోన్సు సరిగ్గా తగలక ఆ శోకం ఇల్లంతా వినబడింది. అది కంగారుగా ఆపబోయింది.

"ఉండవే, గొంతు బావుంది" అన్నారు మావారు. పప్పు కలుపుతూ ఒక నిమిషం విన్నారు. ఆయనకి అదేం పాటో తెలియదు. "చూడు చూడు, రామ్‌లిన్గే అంటోంది. నన్నే పిలుస్తున్నట్టుంది కదూ?" లాప్‌టాప్ వైపు తిరిగి, నవ్వుతూ, "ఆఁ, వస్తున్నా" అన్నారు.

ఎవరో తెలియని గొంతు పిలిస్తే పలకకూడదని మా అమ్మమ్మ చెప్పేది. దాని మీద డిగ్రీలో నేను పెద్ద వాదన కూడా చేశాను. ఆ పూట నా కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ పిలిచారు, మెడ దగ్గర ఏదో తగులుతోందని. చెవి కింద, బఠాణీ కన్నా పెద్దది, కుంకుడుకాయ కన్నా చిన్నది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే మంచిది కాదని చదివినదాన్ని నేను.

నమ్మకం వేరు, భయం వేరు. నమ్మకానికి చదువు అడ్డొస్తుంది. భయానికి ఏదీ అడ్డు రాదు. మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, చూసి, మాటలు తగ్గించి, ఆసుపత్రికి ఉత్తరం రాసింది. ఆసుపత్రి నుంచి మాకు ఉత్తరాలు రావడం మొదలైంది. ప్రతి కవరు మీదా ఆ పేరు, పూర్తిగా, పెద్ద అక్షరాల్లో. వాటిని తీసుకెళ్లి ప్రెస్‌లో బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. తేదీలన్నీ చదివి కంఠతా పెట్టేసి, కాగితాన్ని మాత్రం కంటికి కనబడనిచ్చేదాన్ని కాదు. ఆయన రైలు దిగగానే మెసేజ్ పెట్టాలని కొత్త నియమం పెట్టాను. ఒకరోజు ఏడు నిమిషాలు ఆలస్యమైతే, హాసినిని బడి బట్టలతోనే కార్లో వేసుకుని స్టేషనుకి పోయాను. ఆయన ప్లాట్‌ఫారం మీద ఎవరితోనో క్రికెట్ మాట్లాడుతూ నిలబడి ఉన్నారు. "పాలు కొనడానికి వచ్చాను" అన్నాను. స్టేషన్లో పాలు అమ్మరు.

జూన్ మొదటివారంలో గడ్డలోంచి ముక్క తీశారు. వెయిటింగ్ రూములో నర్సు ఫైలు చూసి పిలిచింది: "రామ్... లిన్గే..." సరిగ్గా అక్కడే ఆగింది. "సారీ లవ్, మిగతాది నా వల్ల కాదు" అని నవ్వింది.

మావారు లేచారు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను.

"ఏంటి?" అన్నారు.

"కాలరు మడత పడింది."

అక్కడ పనిచేసే డాక్టరు శశికాంత్ గారిది గుంటూరు. బయటికొచ్చి, రిపోర్టుకి పది రోజులు పడుతుందనీ, ఈలోగా ఇంటర్నెట్ చూడొద్దనీ చెప్పారు. ఆయన ఆ మాట నాకేసి చూసి చెప్పారు.

రెండు రోజుల తర్వాత రోసిత్సా, పనిలో వేసుకునే నీలం కోటుతోనే, తిన్నగా మా గుమ్మంలోకి వచ్చింది. మావారి ఆఫీసుకి ఎట్టకేలకు కుర్చీలొచ్చాయిట. వాటితోపాటు బల్లల మీద పేర్ల పలకలు కూడా పెట్టారు. మూడో అంతస్తులో ఒక బల్ల తుడుస్తుంటే, హాసిని ఫొటో పక్కన ఆ పలక కనబడింది.

"అది మీ ఆయన బల్ల. ఆ పేరు మీ ఆయనది" అంది. అడగలేదు, చెప్పింది.

సాహిత్య మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆ పేరు ఇచ్చింది నేనే వదినా, నాకెందుకు తట్టలేదు, అన్నయ్యకి నేనే చేశాను అని ఒకటే ఏడుపు. రికార్డింగు చెరిపేస్తానంది, ఎమ్.ఏ. మానేస్తానంది. దాని తల నిమిరాను. మజ్జిగన్నం కలిపి పెట్టాను. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. ఆ 'నీకేం'లో ఎంత ఉందో నాకే తెలుసు. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. వారం రోజులు అది సగం తిండి తిని తిరుగుతుంటే, దాని ఎదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలిచాను.

చెరపడం వల్ల లాభం లేదని బాబా కబురు చేసింది. వాళ్ల ఊళ్లో దీనికొక పద్ధతి ఉందిట. పోయినవాళ్ల ఇంట్లో ఏడాది ఎవరూ హోరో ఆడరు. తర్వాత ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని వరసలోకి తీసుకెళితే మైల తీరినట్టు. ఇక్కడా అంతే. ఎవరివల్ల పిలుపు తప్పు మనిషికి పోయిందో, వాళ్లే పదిమందిలో తప్పని ఒప్పుకుని, ఆ మనిషి చెయ్యి పట్టుకుని వరసలోకి తీసుకెళ్లాలి. పిలుపు విన్న చెవి ఇది కూడా వింటుందిట. వేరేవాళ్లు పట్టుకుంటే చెల్లదు. సాహిత్య తర్వాత లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది, ఇలాంటిదెక్కడా లేదు. బాబా అప్పటికప్పుడు కల్పించిందేమోనని నాకిప్పటికీ అనుమానం.

విషయమంతా మావారికి అప్పుడు చెప్పాం. అంతా అంటే, సాహిత్య చెప్పినంత.

"అంటే నేను పదిమందిలో డాన్సు చెయ్యాలా? దానికన్నా ఆ పిలుపే నయం" అన్నారు. నా చేతిలో గరిటె కింద పడింది. ఆయన వంగి తీసి, కడిగి, నా చేతికిచ్చారు. "సరే, వస్తాలే" అన్నారు.

ఆ తర్వాతి మంగళవారం శశికాంత్ గారు ఫోను చేశారు. గ్రంథికి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగితే పోతుందన్నారు. "ఇక్కడ దీన్ని చూస్తే వింతపడతారు గానీ, మన గుంటూరులో రోజుకి నాలుగు చూసేవాళ్లం. ఇది క్రిస్మస్‌కి ముందు నుంచే ఉండి ఉంటుంది" అని కూడా అన్నారు. శోకం పెట్టింది ఏప్రిల్లో. ఆ లెక్కన పాట నిర్దోషి. కానీ నేను చెప్పవలసింది దానికి రెండ్రోజుల ముందు ఆదివారం సంగతి. ఆదివారం నాటికి మంగళవారం రాలేదు కదా.

ఆదివారం హాల్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. బయట ఎండ కాస్తూనే సన్నగా వాన పడుతోంది. పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి, గోడవార నా కుర్చీలో కూర్చున్నాను. సాహిత్య రికార్డరు తేలేదు. అది లేకుండా దాని చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఊగుతున్నాయి. మావారు మెడకి తెల్ల ప్లాస్టరుతో, ఇస్త్రీ చొక్కాలో, ఇంటర్వ్యూకి వచ్చినట్టు నిలబడ్డారు. డోలు వాయించే అతను కర్రలు పట్టుకుని చూస్తున్నాడు. వరస కట్టి ఉంది, ఒకచోట మాత్రం ఇద్దరికి ఖాళీ వదిలారు.

వరస చివరి నుంచి బాబా ఏదో అంది. పేరు ఇచ్చిందెవరో రమ్మంటోందని రోసిత్సా చెప్పింది.

సాహిత్య ముందుకి నడిచింది. ఏడ్చి ఏడ్చి పీల్చుకుపోయిన మొహం. అన్నయ్య వైపు చెయ్యి చాపింది. వేరేవాళ్లు పట్టుకుంటే చెల్లదు. నాకు వినబడుతున్నది ఆ మాటొక్కటే. చదువుకి సిగ్గు ఉంటుంది, భయానికి ఉండదు. ఎప్పుడు లేచానో తెలియదు, కుర్చీ వెనక్కి పడిన చప్పుడుకి అందరూ నా వైపు తిరిగారు.

"ఆగు సాహిత్యా" అన్నాను. "నువ్వు పట్టుకుంటే పని జరగదు."

"అదేంటి వదినా?"

"ఆవిడ అడిగినప్పుడు నీకు తట్టలేదు. నాకు తట్టింది. యాలకుల డబ్బా చేతిలో పెట్టుకుని యాలకుల కోసం వెతికాను."

అది నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. మావారు మెడ మీది ప్లాస్టరు తడుముకున్నారు. తర్వాత, "ఎందుకు చెప్పలేదే?" అన్నారు. కోపం లేదు గొంతులో. అది ఉంటే బాగుండేది.

"బీయస్సీ కదండీ" అన్నాను.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. తడిగా ఉంది. గరిటె కడిగి ఇచ్చిన చెయ్యి, ఇన్నాళ్లూ హాస్యాలాడిన మనిషి చెయ్యి, నా వేళ్లని నొప్పెట్టేలా బిగించింది. ఆ నెలంతా ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

హాలు మొత్తం ఎదురుచూస్తోంది. మా మాటల్లో వాళ్లకి ఒక్క ముక్కా తెలియలేదు. హాసిని నా కుర్తా పట్టుకుని లాగింది. "విల్ ఐ టెల్ దెమ్, మామీ?"

వద్దన్నాను. బాబా వైపు తిరిగి, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే చెప్పాను. రోసిత్సా ఒక్కొక్కటే అందుకుని ఆమెకి అప్పజెప్పింది.

"ఇది మా ఆయన పేరు. ఆ రోజు నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నాదే తప్పు."